పదో రౌండ్‌కి ముందు కస్తియో

మెక్సికోలోని సొనోరా రాష్ట్రం వాళ్ళ దగ్గర బాక్సింగ్ మాటెత్తితే ముందు ఆ దేశం కొలిచే ఛాంపియన్ హూలియో సీజర్ చావెస్‌కి ఒక దండం పెట్టాలి. మిగతా వాళ్ళంతా ఆ తర్వాతే, నేను చెప్పబోయే బాక్సర్ హోసే లూయిస్ కస్తియోతో సహా. ఈ మర్యాద నాకు అరిజోనాలో అలవాటైంది. 2001 నుంచి కొన్నేళ్ళు ఫీనిక్స్ దగ్గర ఉద్యోగం చేశాను. మా అపార్ట్‌మెంట్లలో సగం మంది తెలుగు కుర్రాళ్ళు, సగం మంది సరిహద్దుకి అవతల సొనోరా నుంచి వచ్చిన కుటుంబాలు. శనివారం రాత్రయితే మావాళ్ళు కొత్త సినిమా సీడీ ఎక్కడ దొరుకుతుందా అని తిరిగేవాళ్ళు. నేను మాత్రం కింది ఇంట్లో ఉండే మెకానిక్ పెద్దాయన సోఫాలో తేలేవాణ్ణి. ఆయన ఇంట్లో బాక్సింగ్ చూపించే హెచ్‌బీఓ, షోటైమ్ ఛానెళ్ళు రెండూ వచ్చేవి. అద్దె అయినా ఆలస్యమయ్యేదేమో గానీ ఆ కేబుల్ బిల్లు మాత్రం ఒక్క నెల కూడా ఆగేది కాదు.

ఆయనది గ్వాయ్మస్, సముద్రం ఒడ్డున ఒక రేవు పట్టణం. దాన్ని ఆనుకునే ఎంపాల్మే. రైల్వే వర్క్‌షాపుల చుట్టూ పెరిగిన ఊరు. నేను కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి కాబట్టి ఎంపాల్మే ఎలా ఉంటుందో ఆయన నాకు పెద్దగా వర్ణించి చెప్పాల్సిన పని పడలేదు. ఒకప్పుడు అమెరికా పొలాల్లో కూలికి మెక్సికో నుంచి మనుషుల్ని తీసుకెళ్ళే బ్రసేరో పథకం ఉండేది. కూలీలని ఎంపిక చేసే కేంద్రాల్లో ఒకటి ఈ ఎంపాల్మేలోనే నడిచింది. 1964లో ఆ పథకం ఆగిపోయింది. హోసే లూయిస్ కస్తియో ఆ ఊళ్ళోనే 1973 డిసెంబర్‌లో పుట్టాడు.

"మా పక్క ఊరి వాడు" అని పెద్దాయన చెప్పిన తీరులో గర్వం ఉండేది, కొంచెం నిష్టూరమూ ఉండేది. చావెస్‌ని దేశమంతా మోసింది. చావెస్ కూడా అదే రైలు దారి మీది మనిషే. పుట్టింది దక్షిణాన సియుదాద్ ఒబ్రెగాన్‌లో, తండ్రిది రైల్వే ఉద్యోగం, కులియకాన్‌లో పిల్లలంతా పెరిగింది పాతబడిన రైలు పెట్టెలో. ఆ కథ మెక్సికోలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. కస్తియోకి అలాంటి కథేమీ లేదు. 1990లో ప్రొఫెషనల్ అయ్యాడు. పదేళ్ళపాటు మెక్సికోలోని చిన్నా పెద్దా హాళ్ళలో ఆడాడు, నాకౌట్లు చేశాడు, మధ్యలో ఓడాడు కూడా. ఆ కాలంలో అతనికి ఉన్న గుర్తింపల్లా చావెస్ స్పారింగ్ పార్ట్‌నర్ అనే.

స్పారింగ్ పార్ట్‌నర్ అంటే తెలుసుగా. పేరున్న బాక్సర్ పోటీకి తయారవడానికి రోజూ ఎదురుగా నిలబడి దెబ్బలు తినే మనిషి. జీతం కొంచెం, పేరు సున్నా. కానీ ఆ తరంలో ఒంటి మీద కొట్టడంలో చావెస్‌ని మించినవాడు లేడు. ఏళ్ళ తరబడి ఆ దెబ్బలు తిన్నవాడికి అవి ఎక్కణ్ణించి బయలుదేరతాయో, ఎక్కడ దిగుతాయో తెలియకుండా పోతుందా? కస్తియో తర్వాత రింగులో చూపించిన పనితనంలో సగం ఆ జిమ్‌లో పక్కటెముకల మీద నేర్చుకున్నదే అని నా నమ్మకం.

2000 జూన్ 17న అదృష్టం తలుపు తట్టింది. లాస్ ఏంజెలెస్ దగ్గర బెల్ గార్డెన్స్‌లో ఒక కాసినో హాలు. అవతల ప్రపంచ బెల్ట్‌లు ఇచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీకి లైట్‌వెయిట్ ఛాంపియన్ స్టీవీ జాన్‌స్టన్. ఎడమచేతి వాటం, చురుకైనవాడు. సులువుగా గెలుస్తాడని అందరూ అనుకున్న పోటీ. కస్తియో పన్నెండు రౌండ్లూ అతని మీదికి నడుస్తూనే పోయి మెజారిటీ డెసిషన్ మీద, అంటే ఇద్దరు జడ్జిలు అతనికి వేసి మూడోవాడు సమానం అంటే, బెల్ట్ పట్టుకుపోయాడు. బాక్సింగ్ పత్రిక రింగ్ ఆ ఏటి అతిపెద్ద సంచలనం అదేనని రాసింది.

మూడు నెలలకే రీమ్యాచ్, అదీ జాన్‌స్టన్ సొంత ఊరు డెన్వర్‌లో. పోటీ అయ్యాక జాన్‌స్టన్ గెలిచాడని మైకులో ప్రకటించేశారు. కాసేపటికి ఒక జడ్జి కార్డులో కూడిక తప్పిందని తేలింది. మళ్ళీ కూడితే డ్రా! బెల్ట్ కస్తియో దగ్గరే ఉండిపోయింది. అతని రికార్డులో ఉన్న ఒకే ఒక్క డ్రా అది. ఈ ముక్క చెప్పినప్పుడల్లా పెద్దాయన నవ్వి నవ్వి దగ్గేవాడు.

అప్పటికి నాకు బాక్సింగ్ అంటే టైసనే. ఎవడో ఒకడు ఢామ్మని పడిపోవాలి, అంతే. కస్తియో ఆట మొదటిసారి చూసినప్పుడు నిజం చెప్పొద్దూ, విసుగొచ్చింది. ఇద్దరూ అతుక్కుపోయి ఏదో గింజుకుంటున్నట్టు ఉంది. పెద్దాయన రిమోట్ పక్కన పెట్టి, "హోవెన్, మొహాలు చూడకు. భుజాలు చూడు, పాదాలు చూడు" అన్నాడు. హోవెన్ అంటే కుర్రాడా అని. నాకు ముప్ఫై దాటినా ఆయన అలాగే పిలిచేవాడు.

చూడటం మొదలుపెట్టాక లోపల జరిగేదంతా వేరేగా కనిపించింది. కస్తియో తల దించి, నుదురు తీసుకెళ్ళి ఎదుటివాడి మెడ కిందికి దూర్చేవాడు. దాంతో అవతలివాడి తల పైకి లేచిపోయి కింద ఏం జరుగుతోందో కనపడదు. ఎడమ భుజంతో ఛాతీ మీద ఒక్క నెట్టు. అది దెబ్బ కాదు, రిఫరీ ఏమీ అనడు. అవతలివాడు తూలి కుడివైపు మోచేయి ఒక్క క్షణం ఎత్తుతాడు. కస్తియో ఎడమ పాదం చిన్నగా బయటికి జరుగుతుంది, ఆ వెంటనే ఎడమ చేయి కింది నుంచి వచ్చి కుడి పక్కటెముకల చివర, లివర్ మీద దిగుతుంది. దీన్ని మెక్సికోలో గాంచో అల్ ఇగాదో అంటారు. తగలగానే ఏమీ అవదు. ఒక సెకను గడిచాక మొహం మాడిపోతుంది, కాళ్ళు తమంతట తామే మడతపడతాయి. దవడ మీద దెబ్బయితే స్పృహ పోతుంది కాబట్టి నొప్పి తెలియదు. లివర్ దెబ్బ తిన్నవాడికి అన్నీ తెలుస్తూనే ఉంటాయి, లేవడం మాత్రం చేతకాదు.

ఇదంతా వెనక్కి అడుగు వేయకుండా, ఊపిరి తగిలేంత దగ్గర్లో చేసేవాడు. జబ్బ బలం మీద ఆడే మొరటు మనిషని అతన్ని అప్పట్లో చాలామంది తీసిపారేశారు. రైట్ హ్యాండ్‌తో ఎవణ్ణో దూరం నుంచి కూల్చేసేవాడికి దొరికే మెప్పు ఇలా లోపల ఉండి పనిచేసేవాడికి దొరకదు. కెమెరాకి వీపే కనిపిస్తుంది మరి.

2002 ఏప్రిల్ 20. లాస్ వెగాస్, ఎంజీఎం గ్రాండ్. ఫ్లాయిడ్ మేవెదర్ అప్పటికే 130 పౌండ్ల తరగతిలో అందర్నీ ఓడించి, ఒక్క ఓటమీ లేకుండా కస్తియో బెల్ట్ కోసం పైకి వచ్చాడు. మొదటి నాలుగైదు రౌండ్లు కాళ్ళతోనే నడిపాడు, కస్తియోకి అందలేదు. ఆ తర్వాత కస్తియో అతన్ని తాళ్ళ దాకా తరమడం మొదలుపెట్టాడు. పెద్దాయన ఇంట్లో ఆ రాత్రి బంధువులంతా ఉన్నారు. పెరట్లో మాంసం కాలుతోంది, సొనోరా వాళ్ళు చేసే గోధుమ టోర్టియాలు పళ్ళెం నిండా పేర్చి ఉన్నాయి. రౌండ్లు గడిచేకొద్దీ పెరట్లో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వచ్చి నిలబడిపోయారు. మాంసం మాడిపోయినా ఎవరూ పట్టించుకోలేదు.

తీర్పు చదివారు. ముగ్గురు జడ్జిల పాయింట్లు 115-111, 116-111, 115-111. మూడూ మేవెదర్‌కే. ఇంట్లో నోరెత్తినవాడు లేడు, హాల్లో జనం మాత్రం గోల గోల చేశారు. హెచ్‌బీఓలో అనధికారంగా లెక్కకట్టే హెరాల్డ్ లెడర్‌మన్ అదే 115-111ని కస్తియోకి వేశాడు. తగిలిన దెబ్బలు లెక్కపెట్టే కాంప్యూబాక్స్ ప్రకారం కస్తియోవి 203, మేవెదర్‌వి 157. భుజం నొప్పితో ఆడానని మేవెదర్ చెప్పుకున్నాడు. నొప్పి ఉండే ఉంటుంది, కాదనను. మొదటి రౌండ్లు మేవెదర్‌వేనని కూడా ఒప్పుకుంటాను. అయినా ఆ పోటీని ఆ తర్వాత ఎన్నోసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ నా లెక్కలో కస్తియో ఒకటి రెండు పాయింట్లతో గెలుస్తూనే ఉన్నాడు. డిసెంబర్‌లో మళ్ళీ తలపడ్డారు. ఈసారి మేవెదర్ దగ్గరికి రానివ్వకుండా తెలివిగా ఆడి, తక్కువ తేడాతో గెలిచాడు. దాని మీద నాకు పేచీ లేదు.

మొదటి పోటీ రాత్రి టీవీలో ఇంకో అంకె చూపించారు, అప్పుడు ఎవరమూ దాన్ని పట్టించుకోలేదు. ముందు రోజు కాటా మీద 135 పౌండ్ల హద్దులో తూగిన కస్తియో రింగులోకి వచ్చేసరికి 147 దాకా పెరిగాడు. లైట్‌వెయిట్ హద్దు 135, అంటే మన లెక్కలో 61 కిలోల చిల్లర. బాక్సర్లు పోటీకి ముందు రోజే తూగుతారు. దాని కోసం వారాల తరబడి తిండి కట్టేసుకుంటారు. చివరి రోజుల్లో నీళ్ళు మానేస్తారు, ప్లాస్టిక్ సూట్ వేసుకుని చెమట పిండుతారు, ఆవిరి గదిలో కూర్చుంటారు. తూగగానే తాగి తిని మళ్ళీ పెరుగుతారు. కుర్రతనంలో ఒళ్ళు దీన్ని సహిస్తుంది. వయసు ముప్ఫై దాటాక ఎదురు తిరుగుతుంది. కస్తియోకి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు.

మేవెదర్ పై తరగతికి వెళ్ళిపోయాక ఖాళీ అయిన బెల్ట్‌ని 2004 జూన్‌లో హువాన్ లాస్కానో మీద గెలిచి కస్తియో మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు. ఆ డిసెంబర్‌లో క్యూబా నుంచి వచ్చిన కాసమయోర్‌ని స్ప్లిట్ డెసిషన్ మీద (ఇద్దరు జడ్జిలు ఇతనికి, ఒకరు అతనికి), 2005 మార్చిలో హూలియో దియాజ్‌ని పదో రౌండ్లో ఓడించాడు. అతని ఆట పండింది ఈ ఏడాది కాలంలోనే.

ఆ తర్వాత మే 7. మాండలే బే హాలు. ఎదురుగా డియేగో కొరాలెస్. శాక్రమెంటోలో పెరిగినవాడు, డబ్ల్యూబీఓ అనే ఇంకో సంస్థ ఛాంపియన్, కస్తియో కంటే పొడుగు, చేతులు పొడుగు. బుద్ధున్న ఎవడైనా ఆ చేతులతో దూరం నుంచి కొడతాడు. కొరాలెస్ మొదటి రౌండ్ గంట కొట్టగానే నేరుగా వచ్చి కస్తియో ఛాతీకి ఛాతీ ఆనించి నిలబడ్డాడు! కస్తియో సొంత వాకిట్లో కస్తియోతో కుస్తీ. పెద్దాయన ముందుకు వంగి, "వీడికి పిచ్చి పట్టిందా?" అన్నాడు. తొమ్మిది రౌండ్లు ఇద్దరూ అలాగే ఉన్నారు. ఊపిరి కోసం వాటేసుకుని ఆగే క్లించ్ పట్టుకోవడం లేదు, పారిపోవడం లేదు. ఒకడు నాలుగు కొడితే రెండోవాడు వెంటనే నాలుగు తిరిగి ఇస్తున్నాడు. కొరాలెస్ కళ్ళు రెండూ ఉబ్బి మూసుకుపోతున్నాయి. కస్తియో కనుబొమ దగ్గర చీలింది. హాలు మాత్రం నిండలేదు. అంత గొప్ప పోటీకి టికెట్ కొని వచ్చినవాళ్ళు కొన్ని వేలమందే.

పదో రౌండ్ మొదలైన అర నిమిషం లోపే కస్తియో ఎడమ హుక్‌తో, అంటే పక్కనుంచి తిప్పి కొట్టే దెబ్బతో, కొరాలెస్ పడిపోయాడు. పళ్ళకి రక్షణగా పెట్టుకునే మౌత్‌పీస్ నోట్లోంచి జారిపోయింది. ఎనిమిది లెక్కపెట్టేసరికి లేచాడు. రిఫరీ టోనీ వీక్స్ అతన్ని మూలకి తీసుకెళ్ళి మౌత్‌పీస్ కడిగించి పెట్టించాడు. రెండో సారీ ఎడమ హుక్కే, మళ్ళీ నేల మీదికి. ఈసారి కొరాలెస్ మౌత్‌పీస్ తానే తీసి పడేశాడు. తొమ్మిదికి లేచాడు. వీక్స్ ఒక పాయింట్ కోశాడు. మూలలో ట్రైనర్ జో గూసెన్ మౌత్‌పీస్ పెడుతూ, ఒక బూతు మాట కూడా కలిపి, ఇక ఇప్పుడు వాడి లోపలికి దూరాల్సిందే అన్నాడు. మా గదిలో అందరూ లేచి నిలబడ్డారు. ఎవరో అప్పుడే బీరు సీసా మూత తీశారు, సంబరానికి.

ఆ తర్వాత జరిగింది నిమిషం లోపు వ్యవహారం. కస్తియో ముగించేద్దామని ముందుకు దూకాడు. కొరాలెస్ కుడి చేయి సూటిగా వచ్చి తగిలింది. కస్తియో తాళ్ళ మీదికి పోయాడు. ఒకటి, రెండు, మూడు, ఇంక లెక్క తప్పింది. చేతులు కిందికి వేలాడిపోయాయి, కళ్ళు తేలిపోయాయి, తాళ్ళు పట్టి ఆపబట్టి నిలబడి ఉన్నాడు. వీక్స్ మధ్యలోకి దూరి ఆపేశాడు. రెండు నిమిషాల ఆరు సెకన్లు.

ఆ మౌత్‌పీస్ గొడవ ఫీనిక్స్‌లో మెక్సికన్ల మెకానిక్ షెడ్డుల్లో నెలల తరబడి నడిచింది. దాన్ని ఉమ్మేసి ఊపిరి పీల్చుకోవడానికి సెకన్లు సంపాదించాడు, దొంగ ఆట అని పెద్దాయన వాదన. ఆ సెకన్లు కొరాలెస్‌కి పనికొచ్చిన మాట నిజమే. కానీ వీక్స్ రూలు ప్రకారమే నడిచాడు, పాయింటూ తీశాడు. పాయింట్ పోయినా లేచి కొట్టింది కొరాలెస్సే. ఈ మాట ఆయన మొహం మీద అనే ధైర్యం నాకు ఉండేది కాదు, సోఫా ఆయనది కాబట్టి.

అసలు దిగజారింది ఆ తర్వాత. అక్టోబర్‌లో రీమ్యాచ్. కస్తియో బరువు తగ్గలేకపోయాడు. మొదటిసారి కాటా ఎక్కినప్పుడు అతని బృందంలోని డాక్టర్ బూటు కొన కాటా కిందికి పెట్టి పైకి ఎత్తుతూ కెమెరాలకి చిక్కాడు. చివరికి తూగింది 138.5. దాంతో బెల్ట్ పందెంలో లేకుండానే పోటీ పెట్టారు. నాలుగో రౌండ్లో ఎడమ హుక్ ఒక్కటి, కొరాలెస్ పడ్డాడు, లేచేసరికి పది అయిపోయింది. అంత శుభ్రమైన నాకౌట్ చూసి కూడా ఆ రాత్రి ఎవరూ గంతులు వేయలేదు. పెద్దాయన టీవీ కట్టేసి, "మూడున్నర పౌండ్లు ఎక్కువ పెట్టుకుని కొట్టాడు, దాన్ని గెలుపని ఎలా అనమంటావ్?" అన్నాడు. సొంత పక్క ఊరివాడి గురించి. ఆ డాక్టర్ బూటుని నేనూ క్షమించలేకపోయాను. అంతటి పనిమంతుడికి ఆ చిల్లర వేషాలు ఎందుకు?

2006 జూన్‌లో మూడో పోటీ. కస్తియో 139.5 తూగాడు. ఈసారి కొరాలెస్ ససేమిరా అన్నాడు, పోటీ రద్దయింది. పోటీలని అదుపు చేసే నెవాడా రాష్ట్ర కమిషన్ కస్తియోకి 2,50,000 డాలర్ల జరిమానా వేసి ఏడాది చివరి దాకా నిషేధించింది. మా కాంప్లెక్సులో రెండు కుటుంబాలు అప్పటికే టికెట్లు కొనుక్కుని వెగాస్ బయలుదేరాయి. దారి మధ్యలో రేడియోలో విని వెనక్కి తిరిగొచ్చారు. విచిత్రం చూడండి, నాలుగు నెలల తర్వాత అదే కొరాలెస్ కాసమయోర్ ముందు కాటా ఎక్కి 139 తూగాడు, బెల్ట్ అక్కడే పోగొట్టుకున్నాడు. అప్పుడు అతన్ని తిట్టడానికి మనసు రాలేదు. ఇద్దరి ఒళ్ళూ ఆ 135లోంచి ఎప్పుడో బయటికి వచ్చేశాయి. బెల్టూ డబ్బూ మాత్రం ఆ అంకె దగ్గరే ఉండిపోయాయి.

2007 మే 7న లాస్ వెగాస్‌లో మోటార్ సైకిల్ ప్రమాదంలో కొరాలెస్ చనిపోయాడు. వయసు 29. మొదటి పోటీ జరిగి సరిగ్గా రెండేళ్ళు, అదే తేదీ. నేను అప్పటికి హైదరాబాద్ వచ్చేశాను. వార్త చూసి పెద్దాయనకి ఫోన్ చేస్తే చాలాసేపు కొరాలెస్ గురించే మాట్లాడాడు. మౌత్‌పీస్ ఊసే ఎత్తలేదు.

తర్వాతి నెల కస్తియో 140 పౌండ్లలో రికీ హాటన్‌తో ఆడాడు. ఇక్కడ ఆదివారం పొద్దున, టిఫిన్ తింటూ నెట్‌లో చూశాను. నాలుగో రౌండ్, ఎడమ హుక్, లివర్ మీద. ఒక సెకను ఆగి కస్తియో మోకాలి మీదికి కూలిపోయాడు, లేవలేదు. ఆ దెబ్బతో ఎంతోమందిని పడగొట్టినవాడు. నాకు ఇడ్లీ దిగలేదు.

అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. ఆపలేదు. అడపాదడపా ఓడాడు, రిటైర్ అన్నాడు, మళ్ళీ వచ్చాడు. 2014 నవంబర్‌లో మాస్కోలో, నలభై ఏళ్ళ వయసులో, ప్రొవద్నికోవ్ అనే రష్యన్ చేతిలో ఐదో రౌండ్లో ఓడాక ఇక ఆడలేదు. మొత్తం 80 పోటీలు. 66 గెలుపులు, వాటిలో 57 నాకౌట్లు, 13 ఓటములు, ఆ డెన్వర్ డ్రా.

ఇప్పుడు ఫోన్లలో కస్తియో అంటే ఆ పదో రౌండ్ ముక్కే తిరుగుతోంది. అందులో అతను పడగొడతాడు, వెంటనే ఓడిపోతాడు, క్లిప్ అయిపోతుంది. చూడాలనుకునేవాళ్ళు దాన్ని వదిలేసి మొత్తం పోటీ వెతకండి, ఎక్కడో దొరుకుతుంది. కామెంటరీ సౌండ్ తీసేయండి. మొదటి తొమ్మిది రౌండ్లు కస్తియో ఎడమ భుజం మీదే కళ్ళు పెట్టండి. తీరిక ఉంటే ఆ వెంటనే మేవెదర్‌తో మొదటిది పెట్టుకుని, కాగితం మీద రౌండ్ల వారీగా మీరే పాయింట్లు వేసుకోండి. జడ్జిల 115-111 మీకూ వస్తే చెప్పండి, కూర్చుని తగువు పెట్టుకుందాం.